వికీ పేజీలో పెట్టిన ఇటుక

హిందీ మాట్లాడే ఒక ఉక్కు కంపెనీ ఊళ్ళో, భుయ్యాడీహ్ అనే పేటలో, మా వీధి కుళాయికి నీళ్ళు ఎప్పుడొస్తాయో ఎవరికీ సరిగ్గా తెలిసేది కాదు. వచ్చేదాకా నిలబడే తీరికా ఎవరికీ ఉండేది కాదు. అందుకని లైన్లో బిందె పెట్టి ఇంటికి పోయేవాళ్ళం. బిందె ఖాళీ లేకపోతే పెయింటు డబ్బా, అదీ లేకపోతే ఇటుక. ఇటుక మీద సుద్దతో ఎవరి గుర్తు వాళ్ళు వేసుకునేవారు. మా అమ్మ ఇటుక మీద అడ్డంగా రెండు గీతలుండేవి. ఆ ఇటుక అక్కడ ఉందంటే మా అమ్మ అక్కడ నిలబడి ఉన్నట్టే. దాన్ని కాలితో పక్కకి తోసిన మనిషికి ఆ పూట మూడిందన్నమాటే.

ఆ లైనుకి పెద్ద మా అమ్మే. ఎవరో ఎన్నుకుంటే వచ్చిన పెద్దరికం కాదు, గొంతుతో వచ్చింది. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన మాలాంటి వాళ్ళూ, ఒడియా వాళ్ళూ, బీహారు వాళ్ళూ కలిసి ఉండే వీధి. తగవొస్తే అమ్మ తెలుగులో మొదలెట్టి, కోపం ముదిరాక హిందీలోకి దిగేది. ఆవిడ అమలు చేసే పద్ధతి ఒకటుంది. "నా బిందె జరిపావు" అని ఎవరి మీదైనా నింద వేసి, అది తప్పని తేలితే, నింద వేసిన మనిషి అవతలి మనిషి బిందె నింపి, తన చేత్తో ఎత్తి చంకకి అందించాలి. నోటితో క్షమాపణలు అక్కర్లేదు. బిందె ఎత్తితే ఆ తగవు అక్కడితో సరి. నాకు ఊహ తెలిసిన దగ్గర్నుంచీ అమ్మ ఎంతమంది చేతనో బిందెలు ఎత్తించింది. తను మాత్రం ఎవరిదీ ఎత్తాల్సి రాలేదు. ఆ సంగతి పదిమందిలో చెప్పుకోవడం ఆవిడకి మహా ఇష్టం.

ఈ కుళాయి గొడవంతా ఎందుకంటే, కాలేజీలో నాకు వికీ నేర్పినప్పుడు నా బుర్రలో ఉన్న చట్టం ఇదొక్కటే.

రెండువేల ఏడో ఎనిమిదో అయి ఉంటుంది. నేను డిగ్రీ రెండో ఏడు. కంప్యూటరు పేపరు చెప్పడానికి కొత్తగా ఒక కుర్ర సారు వచ్చారు. ఆయన మా ల్యాబు కంప్యూటర్ల మీద ఒక వికీ పెట్టి, ముగ్గురేసి చొప్పున జట్లు చేసి, ఒక్కో జట్టూ ఊరి గురించి ఒక పేజీ రాయాలన్నారు. మా జట్టుకి వచ్చింది ఊళ్ళో నది దాటించే మాంగో బ్రిడ్జి మీద రద్దీ. మొదటి రోజే తెర మీద 'ఎడిట్' అన్న మాట చూపించి, "ఇది నొక్కితే ఎవరు రాసిందైనా ఎవరైనా మార్చవచ్చు. ఇక్కడ నాదీ నీదీ లేదు, అంతా మనది" అని హిందీలో చెప్పారు. ఎవరు రాసింది ఎవరైనా ముట్టుకుంటారా? మా కుళాయి దగ్గర అలా అంతా మనదే అంటే తలలు పగలవూ!

ఆయన ఇంకో మాట కూడా చెప్పారు. పేజీ పైన 'హిస్టరీ' అని ఉంటుంది. ఎవరు ఎప్పుడు ఏం రాశారో అందులో పేరుతో సహా పడిపోతుంది. చివరి రోజున దాన్ని గోడ మీద పెద్దగా వేసి చూపిస్తారు. అందులో పేరు కనపడని వాళ్ళకి మార్కుల్లేవు. ఆ మాట నాకు బాగా నచ్చింది. ఎందుకంటే మొదటి ఏడు ప్రాజెక్టులో నేను ఎండలో తిరిగి వివరాలు తెచ్చాను, మిగతావాళ్ళు ఇంట్లో కూర్చుని టైపు చేశారు. ఆఖర్న నా పేరు చివర తగిలించారు. ఇప్పుడు నా జట్టులోనే ఉన్న అబ్బాయి అప్పుడు నవ్వుతూ, "ఇస్కా నామ్ తో ఐసే హీ డాల్ దియా" అన్నాడు. ఊరికే రాసేశారట నా పేరు! వాడికి ఆ మాట అన్నట్టు కూడా గుర్తుండి ఉండదు. నాకు మాత్రం ఏడాది పొడుగునా గుచ్చుకుంది. ఈసారి హిస్టరీలో నా పేరు పడి తీరాలి. నేను ఊరికే కూర్చుని తినే రకం కాదని గోడ మీద అందరికీ కనపడాలి.

జట్టులో మూడో మనిషి ఒక తెలుగమ్మాయి. వాళ్ళ నాన్నగారు కంపెనీలో ఇంజినీరు, ఇల్లు కంపెనీ క్వార్టర్స్. పుస్తకంలో ఉన్నట్టుండే తెలుగు మాట్లాడేది. నాతో తెలుగులోనే పలకరించేది పాపం. నేను హిందీలో జవాబిచ్చేదాన్ని. నోరు తెరిస్తే 'ఏటి' అని వచ్చేస్తుందని భయం. ఇల్లెక్కడ అని అడిగితే మా పేట పేరు చెప్పకుండా, పెద్ద బజారుండే సాక్చీ దగ్గర అనేదాన్ని. భుయ్యాడీహ్ సాక్చీకి దగ్గరే కదా, అబద్ధమేం కాదు అని నాకు నేను చెప్పుకునేదాన్ని.

వాళ్ళిద్దరికీ ఇళ్ళలో కంప్యూటర్లున్నాయి. నాకు ల్యాబులో వారానికి రెండు గంటలు, అంతే. ఒక వేలితో వెతుక్కుంటూ కొట్టేదాన్ని. బళ్ళో పేరా మొదట్లో కాస్త జాగా వదలాలని నేర్పారు కదా, నేను శ్రద్ధగా అలాగే వదిలితే ఆ వాక్యం చుట్టూ చుక్కల గీతల డబ్బా ఒకటి వచ్చి కూర్చునేది. వాక్యం అందులో ఇరుక్కుని పేజీ అంచు దాటి బయటికి పోయేది. మళ్ళీ జాగా వదిలితే మళ్ళీ డబ్బా. ఆ తెలుగమ్మాయి వచ్చి, "ముందు ఖాళీ తీసెయ్యండి, సరిపోతుంది" అంది మెల్లగా. ఆ 'అండీ' వింటే నాకు ఇంకా ఒళ్ళు మండింది. నేనేమన్నా వాళ్ళ పిన్నినా!

మంగళవారం నాడు ఎలాగోలా ఆటోల గురించి మూడు పేరాలు రాశాను. అది నాకు బాగా తెలిసిన సంగతి. బ్రిడ్జి ఎక్కే ముందు ఆటోవాళ్ళు ఎక్కడ ఆపుతారో, వెనక బస్సువాళ్ళు ఎలా తిడతారో, రోజూ చూసేదే. నా ఇంగ్లీషులో నేను రాసుకుంటూ, 'ఆటోవాళ్ళు అక్కడే ఆగిపోవడానికి కారణం ఏమిటంటే' అన్న దగ్గరికి వచ్చేసరికి గంట మోగింది. వెనక వేరే జట్టువాళ్ళు కుర్చీ కోసం నిలబడ్డారు. వాక్యం సగంలో ఉంది. ఇలా వదిలేసి పోతే ఎవరైనా ఇక్కడ దూరిపోతారని నా భయం. అప్పుడు నాకు తోచింది చేశాను. ఆ సగం వాక్యం కింద ఇంగ్లీషు అక్షరాలతో హిందీలో, 'ఈ జాగా నాది. ఎవరూ ముట్టుకోవద్దు. గురువారం వస్తాను' అని కొట్టాను. పైనా కిందా రెండు అడ్డగీతలు కూడా పెట్టాను. సేవ్ చేసి నిశ్చింతగా ఇంటికి పోయాను. ఇటుక పెట్టాను కదా, ఇంకేం భయం!

గురువారం వచ్చి పేజీ తెరిచాను. ఇటుక లేదు.

ఇటుకే కాదు, ఆటోల మీద నా మూడు పేరాలూ లేవు. ఆ చోట ఒక చక్కని పట్టిక, దాని కింద నున్నటి ఇంగ్లీషు, మధ్యలో 'ఆటోలు' అని నీలం రంగులో ఒక్క మాట. హిస్టరీ నొక్కి చూస్తే అన్నిటికన్నా పైన ఉన్నది ఆ తెలుగమ్మాయి పేరు. తెర పైన నారింజ రంగు పట్టీ ఒకటి వచ్చి, మీకు కొత్త సందేశం ఉందంటోంది. ఇలాంటి వాటిని నొక్కవద్దనీ, అవన్నీ ప్రకటనలనీ సైబర్ కెఫేలో ఎవరో చెప్పారు. నేను దాన్ని ముట్టుకోలేదు. ఆ గంటంతా ఏమీ రాయకుండా అలాగే కూర్చున్నాను. ఆ అమ్మాయి రెండు కుర్చీల అవతలే ఉంది. ఒకసారి నన్ను చూసి నవ్వింది కూడా. ఎంత పొగరు, తీసేసి మళ్ళీ నవ్వుతోంది అనుకున్నాను. నోరు విప్పి ఒక్క మాట అడిగి ఉంటే అక్కడితో అయిపోయేది. అడగలేదు. అడిగితే నా హిందీ కూడా ఏడుపుతో కలిసి వస్తుందని సిగ్గు.

ఆ ఏడుపేదో ఇంటికొచ్చి కంచం ముందు ఏడ్చాను.

"ఏటే గుంటా, ముకం అలాగెట్టుకున్నావు?" అంది అమ్మ.

"కుఛ్ నహీఁ" అన్నాను.

"ఏటీ నేకపోతే కూడు కాడ ఏడుపేటి? సెప్పు."

చెప్పాను. వికీ అంటే ఏమిటో చెప్పే ఓపిక లేక, అందరం కలిసి ఒకే చోట రాస్తామనీ, నేను నా చోటు అని గుర్తు పెట్టి వస్తే ఒకమ్మాయి నా రాతంతా తీసేసి తనది పెట్టుకుందనీ చెప్పాను. అమ్మ చెయ్యి కడుక్కోకుండానే లేచింది.

"గుర్తెట్టినావా? ఇటికె ఎట్టినట్టేనా?"

"ఆఁ, అలాగే."

"ఇటికె తీసీసిందా! ఎవుతె అది? నువ్వేటీ అడగనేదా? నోరు నేదా నీకు?"

"ఛోడో న అమ్మా" అని నేను పడుకున్నాను. ఆవిడ వదిలేసిందనే అనుకున్నాను. ఆ కడుపున పుట్టి, ఇన్నేళ్ళు ఆవిడ దగ్గర పెరిగి, ఆవిడ ఇటుక విషయంలో వదిలేస్తుందని ఎలా అనుకున్నానో తెలీదు.

మర్నాడు ల్యాబు గంట మాది కాకపోయినా, వచ్చే వారమే హిస్టరీ చూపించే చివరి రోజని సారు అందర్నీ కూర్చోబెట్టారు. గది నిండా జనం. ఏసీ గది కాబట్టి చెప్పులు గుమ్మం బయట విడవాలి. నేను తల తిప్పి చూసేసరికి మా అమ్మ గుమ్మంలో వంగి చెప్పులు విడుస్తోంది. చేతిలో సాక్చీ మార్కెట్ సంచి, పైన కాకరకాయలు కనపడుతున్నాయి. పనికి కట్టుకునే చీర, మోకాళ్ళ దాకా ఎగ్గట్టిన కుచ్చిళ్ళు.

"ఎవుతె ఇక్కడ? నా పిల్ల ఇటికె తీసీసినది ఎవుతె?" అంది.

ఆ గొంతు వీధి ఈ చివర నుంచి ఆ చివరకి వినపడాలని పెంచుకున్న గొంతు. తలుపులు మూసిన గదిలో అది ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. కీబోర్డుల చప్పుడు ఆగిపోయింది. తెలుగు ఎవరికీ అర్థం కాలేదని ఆవిడే గ్రహించి, "మేరీ బేటీ కా జగహ్ కిస్నే లియా? సామ్నే ఆవో!" అని అదే మాట హిందీలో అందుకుంది. వెనక బెంచీలో ఎవరో కిసుక్కుమన్నారు. సారు లేచి నిలబడి ఏం చెయ్యాలో తెలీక సుద్దముక్క చేతులు మార్చుకుంటున్నారు. మా జట్టు అబ్బాయి నా వైపు తిరిగి, "తుమ్హారీ మా హై క్యా?" అన్నాడు. అవునన్నాను. అనక తప్పుతుందా, ముక్కూ మొహం అచ్చు గుద్దినట్టుంటేను! భూమి చీలి నన్ను మింగేస్తే బాగుండుననిపించింది. పరుగున వెళ్ళి చెయ్యి పట్టుకుని, "అమ్మా, చలో. ప్లీజ్, చలో" అన్నాను. "నువ్వుండెహె" అని విదిలించుకుంది.

ఆ తెలుగమ్మాయి లేచి వచ్చింది. మొహం పాలిపోయింది. అయినా మెల్లగా, "ఆంటీ, మీరు తన అమ్మగారా? ముందు కూర్చోండి" అంది.

తెలుగు వినేసరికి అమ్మ ఒక్క క్షణం తడబడింది. వెంటనే సర్దుకుని, "కూకోడానికి రానేదమ్మా. నా పిల్ల రాసుకున్నది నువ్వు తీసీసినావా, నేదా? అది సెప్పు" అంది.

"తీసెయ్యలేదండీ. వేరే చోట పెట్టాను. రండి, చూపిస్తాను."

అమ్మని తన కుర్చీలో కూర్చోబెట్టింది. మా పేజీ తెరిచి, అందులో 'ఆటోలు' అన్న నీలం మాట మీద నొక్కింది. ఇంకో పేజీ తెరుచుకుంది. కొత్త పేజీ. పైన పెద్ద అక్షరాలతో ఆటోలు అని పేరు, కింద నా మూడు పేరాలు, అక్షరం పోకుండా. "పేజీ మరీ పొడుగైపోయింది ఆంటీ. తను రాసింది బాగుంది, దానికి విడిగా ఒక పేజీ ఉండాలని పెట్టాను. తనకి సందేశం కూడా పంపాను" అంది. సందేశమంటే ఆ నారింజ పట్టీ. నేను ప్రకటన అనుకున్నది.

"ఏటి రాసిందో సదువమ్మా" అంది అమ్మ.

ఆ అమ్మాయి నా ఇంగ్లీషు చదువుతూ వాక్యం వాక్యం తెలుగులో చెప్పింది. నా రాత ఆ పిల్ల నోట ఎంతో పెద్దమనిషి రాసినట్టు వినపడింది. 'ఆటోవాళ్ళు అక్కడే ఆగిపోవడానికి కారణం ఏమిటంటే' అని ఆగింది. తర్వాత కొంచెం నవ్వు దాచుకుంటూ, "ఇక్కడ తను ఇలా రాసుకుంది. ఈ జాగా నాది, ఎవరూ ముట్టుకోవద్దు, గురువారం వస్తాను అని. అందుకే ఇక్కడి నుంచి నేనేమీ ముట్టుకోలేదు" అంది. రెండు అడ్డగీతలు కూడా అలాగే ఉన్నాయి. ఆఖర్న కొత్త పేజీ హిస్టరీ తెరిచింది. జరిపిన మనిషి కాబట్టి అక్కడ తన పేరే పడింది. పక్కన చిన్న అక్షరాలతో, రాసింది నేననీ, తను చోటు మార్చానంతేననీ నా పేరుతో సహా రాసిపెట్టింది.

అమ్మ తెర వైపు చూసింది. చదువు రాదు, కానీ ఆ రెండు గీతలు కనపడ్డాయి. నా వైపు తిరిగింది.

"ఇటికె ఇక్కడే ఉందిగదే. నీకు అవుపడనేదా?"

"నేను అక్కడ నొక్కలేదు" అన్నాను.

"నొక్కకుండానే ఏడిసినావా?"

గదిలో ఈసారి అందరూ నవ్వారు. ఆ తెలుగమ్మాయి ఒక్కతే నవ్వలేదు. నాకు తల ఎత్తాలనిపించలేదు. అంతసేపూ అమ్మ చీరనీ, గొంతునీ, కాకరకాయల సంచినీ చూసి సిగ్గుపడుతున్నాను కదా, ఆ సిగ్గు అక్కడితో పోయింది. దాని చోట ఇంకోటి వచ్చింది. ఆవిడకి ఏం తెలుసు, నేను చెప్పిందే తెలుసు. నా మాట నమ్మి అంత దూరం వచ్చింది.

అమ్మ లేచి నిలబడింది. చుట్టూ చూసింది, ఏదో వెతుకుతున్నట్టు. బల్ల మీద ఆ అమ్మాయి నీళ్ళ సీసా ఉంది, ఖాళీది. దాన్ని తీసుకుని గది బయటికి నడిచింది. వరండా చివర కూలర్ ఉంది. గుమ్మంలోంచి నాకు కనపడుతూనే ఉంది. సీసాని ముందు కడిగింది. అంచు దాకా నింపింది. మూత బిగించి, తడిని కొంగుతో తుడిచింది. తిరిగొచ్చి, రెండు చేతులతో ఎత్తి ఆ పిల్ల చేతికి అందించింది.

"అయ్యో, మీరెందుకు ఆంటీ! థాంక్యూ" అంది ఆ అమ్మాయి.

అమ్మ సారుకి ఒక దణ్ణం పెట్టి, సంచి తీసుకుని, చెప్పులేసుకుని వెళ్ళిపోయింది. ఆ అమ్మాయి సీసా పట్టుకుని, "ఆంటీ చాలా మంచివారు కదూ" అంది నాతో. ఆ గదిలో అంతమంది ఉన్నా, అక్కడ ఏం జరిగిందో తెలిసిన దాన్ని నేనొక్కదాన్నే. చెప్పాలనుకుని కూడా మానేశాను. మళ్ళీ కూర్చుని, ఇటుక తీసేసి, సగంలో వదిలిన వాక్యం పూర్తి చేశాను. సీట్లు నిండితేగానీ ఆటో కదలదు, అదీ కారణం. ఇంత చిన్న సంగతి.

వారం తర్వాత సారు గోడ మీద హిస్టరీ వేసి చూపించారు. నా పేరు పడింది, మార్కులూ వచ్చాయి. జట్టు అబ్బాయి బాగా రాశావన్నాడు. ఆ రోజు కోసం అంతలా ఎదురుచూశానా, తీరా వచ్చాక గోడ వైపు సరిగ్గా చూడనే లేదు. నా మనసు ఇంకా అమ్మ కాలేజీకి వచ్చిన రోజు సాయంత్రం కుళాయి దగ్గరే ఉండిపోయింది.

ఆ సాయంత్రం నీళ్ళొచ్చే వేళకి వీధంతా అక్కడే ఉంది. అమ్మ కాలేజీకి వెళ్ళిందని అప్పటికే పాకిపోయింది. పొద్దున వెళ్తూ తనే చెప్పి ఉంటుంది, తగవుకి వెళ్తూ చెప్పకుండా వెళ్ళే మనిషి కాదు. మా ఎదురింటావిడ బిందె కింద పెట్టి, "ఏటోలె, కాలేజీకెల్లినావంట! ఎవుతెకి బుద్ధి సెప్పినావు?" అని నవ్వుతూ అడిగింది.

నేను లైన్లో వెనకాల నిలబడి ఉన్నాను. అమ్మ ఏదో ఒకటి చెప్పి తప్పించుకుంటుందనుకున్నాను. ఏమీ కాలేదంటే ఎవరు చూడొచ్చారు?

"బుద్ధి నాకే వొచ్చినాదే" అంది అమ్మ, అందరికీ వినపడేలా. "ఆ గుంట ఏటీ సెయ్యనేదు. సూసుకోకుండా నానే మీద పడిపోనాను. నీల్లు పట్టి సేతికిచ్చి వొచ్చినాను. తప్పు నాదే."

"ఓలమ్మో, నువ్వా! నువ్వు ఎత్తినావా?" అని ఎదురింటావిడ బుగ్గలు నొక్కుకుంది. లైనంతా ఘొల్లుమంది. ఒకావిడ హిందీవాళ్ళకి హిందీలో చెప్పింది, వాళ్ళు మళ్ళీ నవ్వారు. అన్నేళ్ళుగా తను బిందెలు ఎత్తించినవాళ్ళందరూ అక్కడే ఉన్నారు. అమ్మ కూడా నవ్వుతూనే నిలబడింది. మెడ మాత్రం ఎర్రబడింది. నువ్వెందుకు వెళ్ళావు, ఎవరు చెబితే వెళ్ళావు అని ఎవరో అడిగారు. "నాకే తోసింది, ఎల్లినాను" అంది. నేను ఏడ్చానని గానీ, నేను చెబితే వెళ్ళానని గానీ అనలేదు. జరిగిందంతా చెప్పింది, అందులో నా పేరు లేదు.

మా వంతు వచ్చింది. బిందె నిండాక ఎత్తి అందిద్దామని నేను ముందుకెళ్ళి వంగాను. నేను ఎత్తి ఇస్తే తప్పెవరిదో లైనంతటికీ తెలిసిపోతుంది.

"నువ్వుండు" అని అమ్మ తనే ఎత్తి చంకన పెట్టుకుని ఇంటి వైపు నడిచింది. లైన్లో మిగిలిపోయిన మా ఇటుక తీసుకుని నేను ఆవిడ వెనకాల వెళ్ళాను.